చేతులు కడుక్కోకుండా కూర్చోవడమే నా వైద్యం

అనంతపురంలో మా వీధికి కొళాయి నీళ్లు రోజూ రావు. డ్రమ్ముల్లో పట్టిపెట్టుకున్న నీళ్లన్నీ నా చేతులకే అయిపోయేవి. తలుపు గడియ ముట్టుకుంటే కడగాలి, చిల్లర తీసుకుంటే కడగాలి, కడిగిన చెయ్యి డ్రమ్ము అంచుకు తగిలితే మళ్లీ మొదటి నుంచి. వేళ్ల సందులు పగిలి నెత్తురు వచ్చేది. కడగకపోతే నా పాపకు ఏదో జబ్బు అంటుకుంటుంది, దానికి కారణం నేనే అవుతాను అన్న ఆలోచన వదిలేది కాదు. అది అర్థం లేని భయమని నాకూ తెలుసు. తెలిసినా ఆగదు. ఈ జబ్బులో నరకమంతా అక్కడే ఉంది.

మా అత్తమ్మ మొదట మడి అనుకుంది, తర్వాత చాదస్తం అంది, చివరకు తాయెత్తు కట్టించింది. ఆమెకు తెలిసిన దారిలో నన్ను కాపాడాలని చూసింది.

సైకియాట్రిస్టు ఇది ఓసీడీ అని, అంటే వద్దన్నా వచ్చే ఆలోచనలకు భయపడి చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే జబ్బని చెప్పి మాత్రలు రాశారు. గుణం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు, మధ్యలో మానొద్దన్నారు. తర్వాత సైకాలజిస్టు మేడమ్ దగ్గరికి పంపారు. కౌన్సెలింగ్ అంటే ధైర్యం చెబుతారనుకున్నా. ఆమె కాగితం ఇచ్చి, "మీ భయాలన్నీ రాసి, ఒక్కోదానికీ 0 నుంచి 100 దాకా మార్కులు వేయండి" అన్నారు. ఇంటి గడియకు 40. బస్సు కడ్డీకి 60. బస్టాండులో కూర్చుని వచ్చిన చీరతోనే పాపను ఎత్తుకోవడానికి 100.

ఈ పద్ధతిని ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్) అంటారు. భయపెట్టేదాన్ని ముట్టుకోవాలి, ఆ తర్వాత కడుక్కోకూడదు. తక్కువ మార్కుల దానితో మొదలుపెట్టి పైకి పోవాలి. 1966లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు లండన్‌లో ఇద్దరికి ఇట్లా నయం చేసిన వివరాలు రాశారట. అంతకుముందు ఇది లొంగని జబ్బనే చాలామంది అనుకునేవారట.

గడియ పట్టుకుని కూర్చున్నా. గుండె దడ, చెమట. "ఇప్పుడెంత?" అని మేడమ్ అడుగుతూనే ఉన్నారు. 40. 55. చాలాసేపు 55. తర్వాత 35, 20. నేనేమీ చేయకుండానే భయం దానంతటదే దిగింది! ఇన్నాళ్లూ కడిగిన ప్రతిసారీ, కడిగాను కాబట్టే గండం తప్పిందని మెదడు నమ్ముతూ వచ్చింది. ఆ నమ్మకం కదిలింది ఆ గదిలోనే.

అసలు కష్టం ఇంట్లో మొదలైంది. "నా చేతులు శుభ్రంగా ఉన్నాయా?" అని అడుగుతుంటే మా ఆయన విసుక్కోకుండా "ఉన్నాయిలే" అనేవాడు. ఆ జవాబు కూడా జబ్బుకు మేతే అన్నారు మేడమ్. "దానికి జవాబు చెప్పను, నీ పక్కనే కూర్చుంటా" అనమని ఆయనకు నేర్పారు. ఆ రాత్రి ఆయన మీద అరిచాను, ఏడ్చాను. ఆయనా ఏడ్చాడు, కానీ జవాబు చెప్పలేదు. నాకు జరిగిన వైద్యంలో సగం అదే అని నేను గట్టిగా నమ్ముతాను.

కౌన్సెలింగ్ అంతా ఒకటే కాదు. మా పిన్ని కొడుక్కి కుక్కల భయానికి ముందు ఒళ్లు సడలించడం నేర్పి, మెల్లగా ఒక్కో మెట్టూ దగ్గరకు తీసుకుపోయారు. దిగులుతో మంచం పట్టినవాళ్లకు రోజుకింత పని రాసిచ్చి, చేయించి, దాంతోనే ఉత్సాహం తెప్పించే పద్ధతి వేరే ఉంది. ఓసీడీ ఉన్నవాళ్లు మాత్రం, "మీరు ఈఆర్‌పీ చేయిస్తారా?" అని ముందే అడగండి. ఎక్కడికి పోవాలో తెలియకపోతే 14416కు ఫోన్ చేయండి. అది మానసిక ఇబ్బందులకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ నంబరు, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

పాపకు జ్వరం వస్తే నాకు ఇప్పటికీ చేతులు కొళాయి వైపు లాగుతాయి. అప్పుడు ఆ కాగితం తీసి, మళ్లీ గడియ దగ్గర నుంచి మొదలుపెడతాను.