కోల్మార్‌లో రోగుల కోసం గీసిన సిలువ

ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో రైలెక్కితే అరగంటలో కోల్మార్ వస్తుంది. రంగురంగుల చెక్క ఇళ్ళూ కాలవలూ చూడ్డానికే ఎక్కువ మంది ఇక్కడికొస్తారు. నేను స్టేషన్ నుంచి నేరుగా ఉంటర్‌లిండెన్ మ్యూజియంకి నడిచాను. ఒకప్పుడు అది డొమినికన్ కన్యాస్త్రీల మఠం. ఐసెన్‌హైమ్ బలిపీఠ చిత్రం ఉన్నది అక్కడే.

1512–1516 మధ్య మథియాస్ గ్రూనెవాల్డ్ వేసిన ఆ సిలువ ముందు నిలబడగానే ఒళ్ళు జలదరించింది. మన క్యాలెండర్లలోని ప్రశాంతమైన యేసు ఇక్కడ కనిపించడు. పచ్చబారిన ఒళ్ళు, చర్మమంతా పుళ్ళు, కొంకర్లు పోయిన వేళ్ళు. ఇంత ఘోరంగా ఎందుకు గీశాడు?

కోల్మార్‌కి దక్షిణాన ఐసెన్‌హైమ్‌లో అంతోని సభ సన్యాసుల మఠం ఉండేది. (మన చర్చిల్లో బాలయేసును ఎత్తుకుని ఉండే పాదువా అంతోని వేరు. ఈయన ఎన్నో శతాబ్దాల ముందు ఈజిప్టు ఎడారిలో తపస్సు చేసిన అంతోని.) ఆ సన్యాసులు ‘అంతోని మంట’ అనే జబ్బుకి వైద్యం చేసేవారు. రై అనే గోధుమలాంటి ధాన్యపు గింజలకు పట్టే ఎర్గట్ అనే బూజు రొట్టెలో కలిస్తే, తిన్నవాళ్ళకి ఒళ్ళంతా మంటలు, కాళ్ళూ చేతులూ నల్లబడి కుళ్ళిపోయేవి. కొందరికి కోసేయాల్సి వచ్చేది. ఆ రోగుల ఎదుట నిలిచిన బొమ్మ ఇది. నా దృష్టిలో ఆ పుళ్ళు భయపెట్టడానికి గీసినవి కావు. తమ నొప్పి ఆయనకీ తెలుసని రోగులకి చెప్పడానికి గీసినవి.

ఈ బొమ్మ వేసిన చెక్క ఫలకాలు తలుపుల్లా తెరుచుకునేవి. సిలువ సరిగ్గా మధ్యలో లేదు, కాస్త కుడికి జరిగి ఉంది. దాంతో తలుపు తీస్తే యేసు చెయ్యి ఒంటి నుంచి విడిపోతుంది. కింద, సమాధి చేసే దృశ్యంలో ఫలకాలు జరిపితే కాళ్ళు తెగినట్టు కనిపిస్తాయి. కాలో చెయ్యో పోగొట్టుకున్న మనిషి అది చూసి ఏమనుకుని ఉంటాడో!

సిలువ పక్కన బాప్తిస్మమిచ్చు యోహాను పొడవాటి వేలు చాపి యేసును చూపిస్తున్నాడు. హేరోదు ఆయన తల అంతకుముందే తీయించాడు, అయినా చిత్రకారుడు తెచ్చి నిలబెట్టాడు. చేతి పక్కన లాటిన్‌లో ఉన్నది మనకు తెలిసిన వాక్యమే: “ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నది.”

ఇప్పుడు ఫలకాలను విడదీసి నిలిపారు కాబట్టి తప్పకుండా వెనక్కి వెళ్ళండి. యేసు వేలాడుతున్న ఆ చెక్కకే వెనకవైపు పునరుత్థానం ఉంది. సూర్యుడంత వెలుగు మధ్య పైకి లేస్తున్నాడు. మేకుల గుర్తులున్నాయి, పుండు ఒక్కటీ లేదు.