అలెగ్జాండ్రియాలో ఒక నాకౌట్ మ్యాచ్

ఈజిప్టులోని గీజా, లక్సర్‌ల గురించి తెలుగులో చాలామంది రాశారు కనుక వాటిని వదిలేసి, అలెగ్జాండ్రియాలో నేను చూసిన మహిళల బాస్కెట్‌బాల్ కప్పు పోటీ గురించే రాస్తున్నాను. సికింద్రాబాదు మైదానాల్లో ఆడుతూ పెరిగినదాన్ని కావడం వల్ల, ఏ ఊరు వెళ్ళినా ఆడపిల్లలు ఎక్కడ ఆడుతున్నారో వెతుక్కుంటూ వెళ్ళడం నాకు అలవాటు. పైగా ఇది నాకౌట్ పోటీ. లీగులో ఈ వారం ఓడినా వచ్చే వారం సరిదిద్దుకోవచ్చు. కప్పులో ఓడితే ఆ సాయంత్రమే ఇంటిదారి పట్టాలి.

కైరో రామ్సెస్ స్టేషన్ నుంచి అలెగ్జాండ్రియాలోని సీదీ గాబర్ స్టేషన్ వరకు రైలు ప్రయాణం హాయిగానే సాగింది. స్టేషన్ బయట టాక్సీ అతను పరదేశి మొహం చూసి చెప్పిన ధర మాత్రం అన్యాయం. అంతకన్నా పెద్ద అన్యాయం క్లబ్బు గేటు దగ్గర ఎదురైంది. హాలు ఒక సభ్యత్వ క్లబ్బు ఆవరణలో ఉంది. టికెట్లు అమ్మే కిటికీ లేదు, మ్యాచ్ వివరాలు రాసిన కాగితమైనా లేదు. కార్డు లేనివారిని కాపలావాళ్ళు లోపలికి పంపరు. ఆడవాళ్ళ ఆటకు జనం రారని అన్ని దేశాల్లోనూ వాపోతుంటారు గానీ, అంత దూరం నుంచి వచ్చిన మనిషిని గేటు బయట నిలబెడితే జనం ఎక్కడి నుంచి వస్తారు?

భుజాన కిట్ బ్యాగు, చేతిలో నీళ్ళ సీసాలతో వచ్చిన ఒకావిడ నా అవస్థ చూసి, తన అతిథినని రాయించి లోపలికి తీసుకువెళ్ళింది. రుసుము నన్ను ఇవ్వనివ్వలేదు. ఆవిడ కూతురు ఆ సాయంత్రం ఆడుతున్న అలెగ్జాండ్రియా జట్టులో గార్డ్, అంటే బంతి అందిస్తూ ఆటను నడిపించే మనిషి. ఎదుటిది కైరో జట్టు. గ్యాలరీలో ఆవిడ పక్కనే కూర్చుని, ఆవిడ పొట్లంలోని వేయించిన గుమ్మడి గింజలు తింటూ ఆట మొత్తం చూశాను.

గ్యాలరీ నిండా కుటుంబాలే. అమ్మమ్మలు, తమ్ముళ్ళు, చంకలో పసిపిల్లలు. ఈజిప్టులో ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ ఎక్కువగా ఇటువంటి క్లబ్బులలోనే పెరిగిందని అక్కడ కూర్చున్నాక అర్థమైంది. ఇదే ఊళ్ళో 1890లో బ్రిటిష్ వాళ్ళ కాలంలో మొదలైన స్పోర్టింగ్ క్లబ్బు ఉంది. ఆ క్లబ్బు అమ్మాయిలే 2022లో మొజాంబిక్ రాజధాని మపూటోలో ఆఫ్రికా క్లబ్బుల ఛాంపియన్లయ్యారు. జాతీయ జట్టు 1966లోనూ 1968లోనూ ఆఫ్రికా టైటిల్ గెలిచింది గానీ ఆ తర్వాత మళ్ళీ గెలవలేదు. ఇటువంటి క్లబ్బులలో ఇంటిల్లిపాదికీ సభ్యత్వం ఉంటుంది కనుక, అన్న ఈతకు వెళ్ళే సాయంత్రం చెల్లెలు బంతి పట్టుకుంటుంది. మన దగ్గర బడిలో వ్యాయామం మాస్టారు గుర్తిస్తే ఆట మొదలవుతుంది, రైల్వే ఉద్యోగం దొరికితే నిలుస్తుంది. సభ్యత్వం కట్టలేని ఇంటి పిల్ల ఇక్కడికి ఎలా చేరుతుందని ఆవిడను అడిగాను. “బాగా ఆడే పిల్లను క్లబ్బే తీసుకుంటుంది. కానీ బాగా ఆడుతుందని ముందు ఎవరో ఒకరు చూడాలి కదా,” అంది. 2022 మొదట్లో డాలరుకు పదహారు ఈజిప్టు పౌండ్ల దాకా ఉన్నది 2024 నాటికి యాభైకి చేరువ కావడంతో, దిగుమతయ్యే బూట్లు కొనడం జీతగాళ్ళకు కూడా భారమైందని చెప్పింది.

మూడో క్వార్టర్‌లో ఆవిడ కూతురు ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడి, నుదుటి మీదికి జారిన నల్లటి తలగుడ్డను రెండు బొటనవేళ్ళతో చెవుల వెనక్కి నెట్టుకుని, అరచేతుల చెమట నిక్కరుకు తుడుచుకుని, రెండూ వేసింది. 2017 అక్టోబరుకు ముందు అంతర్జాతీయ పోటీల్లో ఆ గుడ్డతో ఆడనిచ్చేవారు కాదు. 2014 ఆసియా క్రీడల్లో కతార్ అమ్మాయిలు దాన్ని తీయడం ఇష్టం లేక పోటీ నుంచే తప్పుకున్నారు. అదే ఏడు చైనాలోని వుహాన్‌లో జరిగిన ఆసియా కప్పులో మన పురుషుల జట్టు ఆటగాళ్ళు అమృత్‌పాల్ సింగ్, అమ్‌జ్యోత్ సింగ్‌ల తలపాగాలు కూడా తీయించారు. ఆ సంగతి చెబితే ఆవిడ ఆశ్చర్యపోయింది. ఈ నిబంధన వల్ల నష్టపోయింది తమ పిల్లలే అనుకునేదట.

చివరి నిమిషంలో రెండు పాయింట్లు వెనకబడి ఉండగా ఆ అమ్మాయికి ఐదో ఫౌల్ పడింది. ఐదు పడితే ఇక ఆ మ్యాచ్‌లో ఆడే వీల్లేదు. అది ఫౌల్ కాదని నా నమ్మకం. కైరో అమ్మాయి బంతిని వదిలేశాకే చేతులు తగిలాయి. ఆమె బయటికి వెళ్ళగానే ఆడించే మనిషి లేక జట్టు తడబడింది, మిగిలిన దాడులు రెండూ 24 సెకన్ల గడువులో బుట్టకేసి బంతి విసరలేక వృథా అయ్యాయి. నాకౌట్‌లో నన్ను బాధించేది ఇదే. ఒక్క ఈల తప్పుగా మోగినా దాన్ని పూడ్చుకోవడానికి మరో రోజు ఉండదు.

ఆ అమ్మాయి ఎర్రబడ్డ కళ్ళతో గ్యాలరీ మెట్లెక్కి వచ్చింది. ఆమెది సనవియ్య ఆమ్మ ఏడాది, అంటే మన ఇంటర్ రెండో సంవత్సరం వంటిది. విశ్వవిద్యాలయంలో ఏ సీటు వస్తుందో ఆ మార్కులే తేలుస్తాయి. జట్టులో ఆ వయసు పిల్లలు ఇద్దరు అప్పటికే ఆట మానేశారని తల్లి చెప్పింది. మా జట్టులోనూ అంతే. ఎంసెట్ కోచింగ్‌లో చేరిన అమ్మాయిలెవ్వరూ మళ్ళీ మైదానానికి రాలేదు. ఎనిమిదింటికి ఫిజిక్స్ ట్యూషన్ ఉందని తల్లి గుర్తుచేస్తే, ఆ అమ్మాయి వెళ్తానంది గానీ మర్నాటి ప్రాక్టీసు ఎన్నింటికో కోచ్‌ను కనుక్కుని వచ్చాకే బూట్లు విప్పింది.