మద్దిలపాలెం స్టాపు ఎక్కడికి పోయింది?

శనివారం రాత్రి

విశాఖ సిటీ బస్సుల మీద సరదాగా జాంగోలో (పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) రాసుకుంటున్న యాప్‌లో స్టాపుల యూఆర్‌ఎల్‌లు ఇన్నాళ్లూ ఇంగ్లిష్‌లో ఉండేవి. సీతమ్మధారకి టీ తర్వాత హెచ్ పెట్టాలా వద్దా అని ప్రతిసారీ సందేహమే. విసుగొచ్చి అన్నీ తెలుగులోకి మార్చేశాను. మొదట తెరిచింది నాన్న. “ఏట్రా, మద్దిలపాలేన్నే లేదంటంది?” అన్నారు. చూస్తే 404, అంటే ‘పేజీ దొరకలేదు’.

జాంగోలో యూఆర్‌ఎల్‌లోని పేరుని సరిచూసే కన్వర్టర్లు ఉంటాయి. నేను వాడిన స్లగ్ కన్వర్టర్ ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, హైఫన్, అండర్‌స్కోర్ తప్ప ఇంకేదీ ఒప్పుకోదు. సరే అని అక్షరాల నమూనాలు రాసే రెగెక్స్‌లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ (‘అక్షరం లాంటిది ఏదైనా’ అని అర్థం) పెట్టాను. అదీ కుదర్లేదు. పైథాన్ లెక్కలో మ, ద, ల అక్షరాలే గానీ గుణింతాల గుర్తులు, పొల్లు, సున్నా అక్షరాలు కావు. పేరుని యూఆర్‌ఎల్‌కి తగ్గట్టు మార్చే స్లగిఫైకి యూనికోడ్ (ఇంగ్లిష్ కాని అక్షరాల) అనుమతి ఇచ్చి చూస్తే మద్దిలపాలెం కాస్తా ‘మదదలపల’ అయి కూర్చుంది. నాన్నకి చూపిస్తే ఒకటే నవ్వు. చివరికి స్ట్రింగ్ కన్వర్టర్ పెట్టాను. అది స్లాష్ తప్ప ఏదైనా తీసుకుంటుంది. పేజీ వచ్చింది, పడుకున్నాను.

ఆదివారం

పొద్దున్నే మ్యాప్ పేజీ పోయింది. ‘ఈ పేరుతో స్టాపు లేదు’ అంటోంది. కారణం తేలిగ్గానే దొరికింది: జాంగో యూఆర్‌ఎల్ జాబితాని పైనుంచి చూస్తూ మొదట సరిపోయిన లైను దగ్గరే ఆగిపోతుంది. స్టాపుల లైను పైన ఉంది, మ్యాప్ కింద ఉంది. అందుకే మ్యాప్‌ని కూడా స్టాపు పేరే అనుకుంది. మ్యాప్‌ని పైకి జరిపి యాప్‌ని నడిపే సర్వర్ గూనికార్న్‌ని రీస్టార్ట్ చేశాను. అయినా అదే మాట.

ఇక్కడ రెండు గంటలు పోయాయి. మధ్యలో కరెంటు పోయి, ఆ ఉక్కలో లాప్‌టాప్ పట్టుకుని డాబా మీదికెక్కాను. జాంగో షెల్‌లో, ఏ యూఆర్‌ఎల్ ఏ వ్యూకి (పేజీని తయారుచేసే ఫంక్షన్‌కి) వెళ్తుందో చెప్పే రిజాల్వ్‌కి ఆ దారి ఇస్తే మ్యాప్ వ్యూ పేరే చెప్పింది. అంటే రూటింగ్ బాగానే ఉంది, నేనే తప్పు చోట తవ్వుతున్నాను.

దొంగ ఎవరంటే క్యాష్, ఒకసారి తయారైన పేజీని దాచి మళ్లీ మళ్లీ ఇచ్చేది. రెండు వ్యూలకీ ఆ పని చేసే క్యాష్ పేజ్ డెకరేటర్ ఉంది, గడువు ఒక రోజు. దాచిన పేజీని వెతికి తీసే దాని కీలో యూఆర్‌ఎల్ ఉంటుంది గానీ వ్యూ పేరు ఉండదు. స్టాపు వ్యూ దాచిన పేజీనే మ్యాప్ వ్యూ తీసి ఇచ్చేస్తోంది. మెమరీ క్యాష్ అయితే రీస్టార్ట్‌తో పోయేది. కానీ దానిలో గూనికార్న్ నడిపే ఒక్కో వర్కర్‌ది ఒక్కో క్యాష్, రిఫ్రెష్ కొడితే ఒకసారి కొత్త పేజీ, ఒకసారి పాతది వస్తోందని పోయిన నెలే ఫైల్ క్యాష్‌కి మారాను.

అసలు ‘లేదు’ అనే పేజీ క్యాష్‌లోకి ఎందుకెళ్లింది? జాంగో 200 (అంతా సరే), 304 (పేజీ మారలేదు) జవాబులనే దాస్తుంది. నేనేమో స్టాపు దొరక్కపోతే ఒక టెంప్లేట్ చూపించి 200తో పంపేస్తున్నాను. బద్ధకం. ఇప్పుడు సరైన 404 ఇస్తున్నా. క్యాష్ క్లియర్ చేశాక నా దగ్గర మ్యాప్ వచ్చింది, నాన్న ఫోన్లో రాలేదు. కర్ల్ అనే టూల్‌తో, పేజీతో పాటు వచ్చే హెడర్లు చూస్తే మ్యాక్స్-ఏజ్ 86400 సెకన్లు, అంటే ఒక రోజు. ఆయన బ్రౌజర్ కూడా పాత పేజీని రోజంతా దాచుకుందన్నమాట.

సోమవారం

సొంత కన్వర్టర్ రాశాను: యూనికోడ్‌లో 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు, అంటే తెలుగు బ్లాకు, దానికి తోడు హైఫన్. ఇక ఇంగ్లిష్ దారులు స్టాపుల్లోకి జారవు. అయితే ‘ఆర్‌కే బీచ్’ మళ్లీ 404. ర్ తర్వాత కంటికి కనిపించని 200సీ అక్షరం (పక్క అక్షరాలు కలిసిపోకుండా ఆపేది) ఉంది, అది తెలుగు బ్లాకులో లేదు. దాన్నీ రానిచ్చి, తీసేసిన ‘ఆర్కే’ రూపానికి 301తో (‘చిరునామా మారింది’ అనే జవాబుతో) పంపుతున్నా.

మిగిలింది వాట్సాప్ లింకులు. మద్దిలపాలెం ఒక్క పేరే, తెలుగు అక్షరాలు పర్సెంట్ గుర్తుల కోడ్‌గా మారి, 99 క్యారెక్టర్లు. షేర్ బటన్‌కి స్టాపు నంబరుతో పొట్టి లింకు పెడతాను, వచ్చే ఆదివారం.