మామ్మ బొమ్మ కోసం విశాఖ

మే నెల ఎండల్లో విశాఖ ప్రయాణమేంటని ఇంట్లో వాళ్లన్నారు. నా నవల చదివి ఒకమ్మాయి లక్క బొమ్మలు చేసిందట, వెళ్లి చూడకుండా ఎలా ఉండగలను? పొద్దున్నే విజయవాడలో రత్నాచల్ ఎక్కేశాను. రాజమండ్రి దగ్గర గోదావరిలో ఇసుక మేటలు బయటపడి ఉన్నాయి. తుని దాటాక కొండలు పట్టాల దగ్గరికి వచ్చేస్తాయి. ఈ దారిలో నాకు బాగా ఇష్టమైన చోటు అదే.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. దానికి ముందు వారం పెదజాలరిపేటలో ఒక జాలరి ఇంట్లో నడిచే కథ నాది. ప్రచురణకర్తలెవరూ ముందుకు రాకపోతే సొంత డబ్బుతో 500 కాపీలు వేయించాను. తెలుగులో రాసేవాళ్లకు ఇదేమీ కొత్త కాదు. పంపిణీ చేస్తానని ఒకాయన పట్టుకెళ్లిన కట్టల లెక్క ఇప్పటికీ తేలలేదు. మిగిలినవి అటకెక్కాయి. పెళ్లిళ్లకు వెళ్లినప్పుడు తలో కాపీ ఇచ్చేవాణ్ణి. అలా అనకాపల్లిలో మా పిన్నికి ఇచ్చిన కాపీ, వాళ్ల పక్కింటివాళ్ల ద్వారా, ఏటికొప్పాకలో పుట్టి గాజువాకలో కాపురముంటున్న ఈ అమ్మాయి చేతిలో పడింది. ‘ప్రతులకు’ అని అచ్చేసిన నంబరు చూసి ఫోన్ చేసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గాజువాకలో ఆమె ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో కర్రను తిప్పుతూ చెక్కే మోటారు లేత్. ఏటికొప్పాక వరాహ నది ఒడ్డున ఉంది. అక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పసుపు కొమ్ములు, నీలి ఆకు, జాఫ్రా గింజల లాంటి వాటి నుంచి తీసే సహజ రంగులను మళ్లీ వాడకంలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఈ అమ్మాయి కూడా ఆ రంగులే వాడుతుంది. నేను చూస్తుండగానే అంకుడు కర్ర ముక్క బిగించి మోటారు వేసింది. ఉలి ఆనించగానే తెల్లటి పొట్టు రేగి ఒళ్లో పడింది. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు అదిమి పట్టింది. రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టేసింది. బ్రష్షూ లేదు, ఆరబెట్టే పనీ లేదు.

లేత్ మీద ఏది చేసినా గుండ్రంగానే వస్తుంది. మరి వల లాగే మనిషి, దిగులుగా కూర్చున్న మనిషి ఎలా వస్తారు? అదే అడిగాను.

“రారు బాబాయ్ గారూ, మనమే రప్పించాలి” అంటూ బల్ల మీద గుడ్డ తీసింది.

నా నవల మనుషులంతా అక్కడున్నారు. కథానాయిక పెద్ద కూతురు, తండ్రి, తమ్ముడు, అప్పులాయన. అందరికంటే పెద్ద బొమ్మ మాత్రం పొయ్యి ముందు కూర్చున్న మామ్మది. నవలలో ఆవిడకు రెండే మాటలున్నాయి. ఒళ్లు వెడల్పుగా కుండలా తీసి, మెడ దగ్గర రంధ్రం ఏటవాలుగా వేసి, తల కాస్త ముందుకు వాలేలా పుల్లతో బిగించింది. ఆ కాస్త వాలులోనే ముసలితనమంతా వచ్చేసింది.

“మామ్మ ఎందుకమ్మా ఇంత పెద్దగా?”

“అదేటండి! పుస్తకంలో ప్రతిసారీ ఎవరో ఒకరు అన్నం తింటూనే ఉంటారు కదా. ఎవరు వండారో మీరు రాయలేదు. ఇంకెవరుంటారండీ ఆ ఇంట్లో?”

కాపీ తీసి అక్కడే తిరగేశాను. నిజమే. తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి కూడా పళ్లెంలో చేపల పులుసు ఉంది. ఆ పులుసు రాసింది నేనే, అది కాచిన చెయ్యి కనిపించింది మాత్రం ఆమెకు. మెచ్చుకుంటూ వచ్చిన ఉత్తరాలు కొన్ని దాచుకున్నాను కానీ, నన్ను ఇంతగా కదిలించిన చదువరి ఇంకొకరు లేరు. పొగడ్త కంటే ఇది వేరు. నా పుస్తకం మీద నిలబడి ఆమె తన పని తాను చేసుకుంది.

సాయంత్రం ఇద్దరం పెదజాలరిపేట వెళ్లాం. తండ్రి బొమ్మకు తెప్ప చెయ్యాలట, దుంగలు ఎలా కడతారో చూడాలంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఫైబర్ బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన ఇసుకలో పుల్లలు పేర్చి కట్టు వేసి చూపించాడు. ఆమె ఫోన్‌లో ఫొటోలు తీసుకోలేదు. ఆ పుల్లలు విప్పి తనే మళ్లీ కట్టి, “ఇలాగేనా తాతా?” అని అడిగింది. ఆయన ఒక ముడి సరిచేశాడు.

నేను తీసుకెళ్లిన కాపీలన్నీ ఆమె దగ్గరే పెట్టి వచ్చాను. బొమ్మల సెట్టుతో పాటు పుస్తకం కూడా అమ్ముతానంది. ఎన్ని కాపీలిచ్చానో, రేటెంతో నోటుబుక్కులో రాసి నాతో సంతకం పెట్టించుకుంది. అయిపోతే ఫోన్ చేస్తానంది, అదే నంబరుకు.