ఒకే చేలో వేర్వేరు ఊళ్ల వేపలు: కింద పురుగులు లెక్కపెట్టిన అనుభవం

వేపలన్నీ ఒకటే అనుకుంటాం గానీ, విత్తనం ఎక్కడిదన్నదాన్ని బట్టి ఆకు రాలే కాలం, నీడ చిక్కదనం, రాలిన ఆకులోని నత్రజని, లిగ్నిన్ (ఆకును గట్టిపరిచే, త్వరగా కుళ్లని పదార్థం) మారుతుంటాయి. నేలలో బతికే పురుగులకు ఆ ఆకే తిండి, ఆ నీడే గొడుగు. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మి.మీ. వాన. ఇక్కడి ఎర్ర నేలల్లో ఆ తేడా పట్టుకోవాలంటే మిగతా తేడాలను ముందు అణచాలి.

అందుకే ఒకే ఏడాది, ఒకే చేలో, అన్ని రకాల విత్తనాలూ కలగలిపి నాటిన చెట్లే తీసుకున్నాం. ఒక ఊరి విత్తనమంతా పల్లంలో ఉంటే తేమ తేడా విత్తనం తేడాలా కనిపిస్తుంది. ఒక చెట్టు కింద పురుగులు పడేందుకు పది గ్లాసులు పాతినా లెక్కకు అది ఒక్క చెట్టే.

మొదలు నుంచి మీటరు దూరంలో, ఉత్తరం వైపు, 200 మి.లీ. ప్లాస్టిక్ గ్లాసును నేలకు సమంగా పాతాం. అంచు కాస్త పైకున్నా చీమ చుట్టూ తిరిగి పోతుంది. మూడో వంతు ఉప్పునీళ్లు, రెండు చుక్కల సబ్బు నీళ్లు పోయాలి. సబ్బు లేకుంటే చిన్నవి నీటి మీద తేలి తప్పించుకుంటాయి. తవ్విన వెంటనే తెరిస్తే కదిలిన మట్టికి చీమలు ఎగబడతాయి. వారం మూసి ఉంచి, తర్వాత ఏడు రోజులు తెరిచాం. ఉప్పునీళ్లకు మేకలు వస్తాయి, తుమ్మ కంప వేయక తప్పదు.

గ్లాసులో పడేవి తిరిగే పురుగులే. మట్టిలో ఉండేవాటికి గరాటు కావాలి. 5 సెం.మీ. వెడల్పు, 10 సెం.మీ. లోతు గొట్టంతో మట్టి తీసి, గరాటులో అమర్చిన 2 మి.మీ. జల్లెడపై తలకిందులుగా పెట్టి, పైన 25 వాట్ల బల్బు, కింద 70 శాతం ఆల్కహాల్ సీసా ఉంచాలి. వేడికి పురుగులు కిందికి దిగి సీసాలో పడతాయి, దానికి ఆరేడు రోజులు పడుతుంది. తొందరపడి 60 వాట్లు పెడితే నెమ్మదిగా కదిలేవి దిగకముందే ఎండి చస్తాయి.

మే నెలలో గొట్టం నేలలోకి దిగదు, పురుగులూ లోతుకు పోయుంటాయి. ఆరుద్ర పురుగులు కనబడ్డాక, వాన నిలిచిన మూడో రోజు, అన్ని చెట్ల కిందా ఒకేసారి తీయడం మేలు.

అసలు తలనొప్పి చెదలతో. 10 గ్రాముల ఎండుటాకు నింపిన నైలాన్ సంచులను ఒక చెట్టువి ఇంకో చెట్టు కిందికి మార్చి పెడితే, పని ఆకుదా నీడదా అన్నది తేలుతుంది. రోకలిబండ పురుగులు దూరాలంటే సంచి వల కన్ను 5 మి.మీ. ఉండాలి. అయితే కొన్ని సంచుల బరువు తగ్గాల్సింది పోయి పెరుగుతుంది: ఆకు తిన్న చోట చెదలు మట్టి నింపుతాయి. కొలిమిలో 550 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు కాల్చి, మిగిలినదాని బరువు తీసేస్తేనే అసలు ఆకు లెక్క వస్తుంది. చెదపుట్ట ఎన్ని మీటర్ల దూరంలో ఉందో ప్రతి చెట్టుకూ రాసుకోవాలి.