మా నాయన మైక్ సెట్టు, మైకేల్ జాక్సన్ మొదటి టూరు

పోయిన ఆదివారం కందుకూరు వెళ్లినప్పుడు, అన్నం తిన్నాక ఏం తోచక టీవీలో మైకేల్ జాక్సన్ వెంబ్లీ కచేరీ పెట్టాను. 1988 జూలై 16న లండన్‌లో చేసింది. మా నాయన పడక కుర్చీలో ఉన్నాడు, డెబ్బై దాటాయి, ఇంగ్లీషు పాట ఆయనకు ఎక్కదు, అయినా మార్చమనలేదు. ఎందుకా అని చూస్తే ఆయన పాట వినట్లేదు, స్టేజీ చూస్తున్నాడు. ముప్ఫై ఏళ్లు మైక్ సెట్టు నడిపిన మనిషి మరి.

బొమ్మ అంత బాగుండదు, ముందే చెప్తున్నా. ఆ రాత్రి కచేరీ రికార్డు చేసి జాక్సన్‌కి ఒక వీహెచ్ఎస్ క్యాసెట్ ఇచ్చారట, 2012లో డీవీడీ వేయబోతే మంచి టేపులు దొరక్క చివరికి ఆ క్యాసెట్టే దిక్కయింది. అందుకే అప్పటి ఇంగ్లండు యువరాజు చార్లెస్, డయానా వచ్చి కూర్చుని చూసిన కచేరీ కూడా మా బాబాయి పెళ్లి క్యాసెట్ లాగే మసగ్గా ఉంటుంది. నాకు అదే నచ్చింది.

ఆ కచేరీ జాక్సన్ ఒంటరిగా చేసిన మొదటి టూరులోది. చిన్నప్పటి నుంచీ అన్నలతో కలిసి స్టేజీలెక్కుతూనే ఉన్నాడు, 1973లో వాళ్లతో జపాన్ కూడా వెళ్లాడు, 1984లో అన్నదమ్ములంతా కలిసి అమెరికా, కెనడా తిరిగారు. కానీ పోస్టర్ మీద తన పేరొక్కటే ఉండటం 1987 సెప్టెంబరు 12న, టోక్యోలో, కొరాకుయెన్ స్టేడియంలో మొదలైంది. అప్పటికి 29 నిండి రెండు వారాలు. 'బ్యాడ్' ఆల్బమ్ బజారులోకి వచ్చి ఆ రెండు వారాలు కూడా కాలేదు. జపాన్‌లో ముందు 9 కచేరీలే అనుకుంటే జనం తాకిడికి 14 చేయాల్సి వచ్చింది. పెంపుడు చింపాంజీ బబుల్స్‌ని కూడా వెంట తీసుకెళ్లాడు, మన పేపర్లకి ఇలాంటివే కావాలి కదా.

నేను నాయనకి చెప్పింది మాత్రం ఇంకో సంగతి. జపాన్‌లో పాడినవాటిలో కొత్త ఆల్బమ్ పాటలు ఒకటీ రెండే, మిగతావన్నీ పాతవే. ఆ ఏడాది జపాన్, ఆస్ట్రేలియా ముగించుకొని ఇంటికెళ్లి, మొత్తం ప్రోగ్రాం మార్చి, మళ్లీ రిహార్సల్స్ వేసి, 1988 ఫిబ్రవరిలో కాన్సాస్ సిటీలో సొంత దేశం జనం ముందుకి వచ్చాడు. మనం ఇప్పుడు చూస్తున్నది ఆ మార్చిన ప్రోగ్రామే.

నాయన వెంటనే అన్నాడు, "మరి? కొత్త మిషను సొంతూళ్లో ఎవడన్నా మొదటిసారి కడతాడంట్రా?"

జాక్సన్ అందుకే అలా చేశాడో లేదో నేను చెప్పలేను. మా నాయన చేసింది మాత్రం అందుకే. అదే 1987లో అప్పు చేసి కొత్త యాంప్లిఫైయర్ కొన్నాడు. కందుకూరులో పెళ్లి బేరం వచ్చినా పాతదే కట్టాడు. కొత్తదాన్ని మాలకొండ దారిలో, వలేటివారిపాలెం అవతల ఒక పల్లెలో పెళ్లికి తీసుకెళ్లాడు. నాకు తొమ్మిదేళ్లు, నేనూ వెళ్లాను. బస్సు టాపు మీద నాలుగు బాకాలు, సీరియల్ సెట్ల సంచి. యాంప్లిఫైయర్‌ని మాత్రం దుప్పటిలో చుట్టి చంటిబిడ్డలాగా ఒళ్లో పెట్టుకున్నాడు, కండక్టర్ దానికీ టికెట్టు కొడతానంటే గొడవ.

పొగాకు కాల్చే బేరను (కొట్టం) పక్కన వేపచెట్టుకి రెండు బాకాలు, పందిరి వెనక గుంజలకి రెండు. పాటలు బాగానే మోగాయి. అయ్యవారు మంత్రాలకి మైకు అందుకున్నాడో లేదో కూత మొదలైంది. కుయ్య్‌మని చెవులు చిల్లులు పడేలాగా. పెళ్లికూతురు చెవులు మూసుకుంది, ఎద్దులు కట్టుకొయ్యలు పీక్కోబోయాయి. పందిరి వెనక బాకాలు మైకు వైపు తిరిగి ఉన్నాయి, మైకులో దూరిన శబ్దం బాకాలో వచ్చి మళ్లీ మైకులోకే దూరుతుంది, పాత సెట్టుకి అంత సత్తా లేదు కాబట్టి ఎప్పుడూ తెలియలేదు. నాయన పంచె ఎగ్గట్టి గుంజ ఎక్కి బాకాలు అవతలికి తిప్పాడు. ఆ తర్వాత కందుకూరులో ఏ పందిట్లో కట్టినా కూత పెట్టింది లేదు.

అందుకని వెంబ్లీ చూస్తూ ఆయన వేలు పెట్టి చూపించింది అదే. "చూడు, బాకాలన్నీ ముందుకే, జనం మీదకే. తెలిసినోడే కట్టాడు." జాక్సన్ కాళ్ల ముందు ఏటవాలుగా పెట్టిన పెట్టెలేందని అడిగాడు. ఆ హోరులో పాడేవాడికి తన గొంతు వినపడాలని పెడతారంటే చాలాసేపు ఏం మాట్లాడలేదు. మన ఆర్కెస్ట్రాల్లో పాడేవాళ్లు చెవిలో వేలు పెట్టుకొని పాడేవాళ్లు, గుర్తుందా.

వెంబ్లీలో ఒక్కో రాత్రి 72 వేల మంది, ఏడు రాత్రులు. మొత్తం టూరు 15 దేశాల్లో 123 కచేరీలు, 44 లక్షల మంది. 1989 జనవరి 27న, తను చాలా ఏళ్లు ఉన్న లాస్ ఏంజెలెస్‌లో ఆఖరిది. సొంతూరు లాంటిది అన్నిటికంటే చివర. (మన దేశానికి 1996 నవంబరు 1న బొంబాయి వచ్చాడు, అది వేరే టూరు, నేను వెళ్లలేదు, రైలు టికెట్టుకి డబ్బులు అడిగితే నాయన చూసిన చూపు ఇంకా గుర్తుంది.)

ఈ లెక్కలన్నీ విన్నాక ఆయన అడిగింది ఒకటే, "అద్దె ముందే తీసుకున్నాడా, అయిపోయినాకా?"

పెప్సీవాళ్లు స్పాన్సర్లు నాయనా, ముందే ఇచ్చుంటార్లే అన్నాను.

ఆ పల్లె పెళ్లివాళ్లు కూత పేరు చెప్పి పట్టుకున్న యాభై రూపాయలు ఇంకా రావాలి.