52 ఏళ్ల వయసులో వయొలిన్

మొదటిసారి వయొలిన్ చేతపట్టినప్పుడు వేళ్లు మొండికేస్తాయని ముందే అనుకున్నాను గాని, అసలు చిక్కు చెవితో వస్తుందని ఊహించలేదు. దశాబ్దాల పాటు మంచి సంగీతం విన్న చెవి నేను పలికించే ప్రతి అపస్వరాన్నీ తక్షణమే పట్టేస్తుంది, వేలికి మాత్రం దానిని సరిదిద్దే నేర్పు ఇంకా రాలేదు. పసివాళ్లకు ఈ అవమానం అంతగా తెలియదనుకుంటాను, అది వారి అదృష్టం.

గిటారుకు ఉన్నట్టు వయొలిన్‌కు మెట్లు ఉండవు కనుక స్వరస్థానాన్ని వేలే వెతుక్కోవాలి. తీగలో మోగే భాగం పొడవు సుమారు 33 సెంటీమీటర్లు కాగా, ఖాళీ తీగ నుండి మొదటి అర్ధస్వరం దాదాపు 18 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ ఆ ఎడం తగ్గుతూ, ఒక పూర్తి స్థాయి (ఒక ‘స’ నుండి పై ‘స’ వరకు) దాటేసరికి సగమైపోతుంది. ఈ లెక్క అర్థం చేసుకోవడానికి నాకు పది నిమిషాలు పట్టింది, చేతికి ఎక్కడానికి ఏడాది చాలలేదు.

ఆదివారం రెండు గంటలు కూర్చోవడం కన్నా రోజూ 20 నిమిషాలు సాధన చేయడమే నాకు మేలు చేసింది. కొత్తగా నేర్చిన కదలికలను మెదడు నిద్రలో స్థిరపరుస్తుంది కాబట్టి, రాత్రి ఎంతకీ లొంగని వరుస మరునాటి ఉదయం కొంత తేలికగా పలకడంలో వింతేమీ లేదు. కమాను పట్టిన భుజం బిగుసుకుపోవడం మాత్రం నిద్రతో తీరలేదు; అద్దం ముందు నిలబడి, ఖాళీ తీగల మీద నిదానంగా కమాను లాగుతూ ఇప్పటికీ దానితోనే కుస్తీ పడుతున్నాను.